నడుము ఎంత తిరుగుతుంది?

2014లో మార్వెల్ వాళ్ళు స్పైడర్ వుమన్ కొత్త సిరీస్ మొదలుపెట్టారు. మొదటి సంచికకి ఒక స్పెషల్ కవర్ ఇటలీ ఆర్టిస్ట్ మిలో మనారా వేశారు. శృంగార కామిక్స్‌కి పేరున్న మనిషి. బిల్డింగ్ అంచు మీదకి పాకి వచ్చిన స్పైడర్ వుమన్, చేతులూ మోకాళ్ళ మీద వంగి, వెనక భాగం గాల్లోకి ఎత్తి ఉంటుంది. సూట్ వేసుకున్నట్టు ఉండదు, ఒంటికి ఎర్ర రంగు పూసినట్టు ఉంటుంది. దానిమీద అప్పట్లో పెద్ద గొడవే అయింది.

సెలవులకి బి.కొత్తకోట వెళ్ళినప్పుడు నా ఫోన్‌లో ఆ బొమ్మ చూసి మా అవ్వ, "ఏం మే, ఈ పాపకి నడుము పట్టుకునిందా?" అనింది. నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్న అదే.

కామిక్స్‌లో ఇంతకంటే మామూలైన పోజు ఇంకోటుంది. ఛాతీ, వెనక భాగం రెండూ ఒకేసారి చూసేవాళ్ళ వైపు తిరిగి ఉంటాయి. ఫ్యాన్స్ దాన్ని 'బ్రోక్‌బ్యాక్ పోజ్' అంటారు. బ్లెండర్‌లో ఒక అమ్మాయి మోడల్ తీసుకుని, ఎముకలు ఒక్కొక్కటే తిప్పుతూ ఆ పోజు పెట్టాలని ఒక రాత్రంతా కూర్చున్నా. నడుము దగ్గరి ఐదు వెన్నుపూసలు ముందుకీ వెనక్కీ బాగానే వంగుతాయి, మెలి తిరిగేది మాత్రం చాలా తక్కువ. తిరగడం ఎక్కువగా పైన, పక్కటెముకలున్న చోట. అక్కడా హద్దుంది. చివరికి నా మోడల్ నడుము తడిగుడ్డ పిండినట్టు అయిపోయింది. పెన్సిల్‌కి ఎముకలుండవు కాబట్టి ఆర్టిస్టులకి ఈ బాధ లేదు.

2012లో 'హాక్‌ఐ ఇనీషియేటివ్' అని కొందరు ఫ్యాన్స్ ఒక పని చేశారు. హీరోయిన్ల పోజుల్లో హాక్‌ఐని గీసి పెట్టారు. అంత విలుకాడు నడుం తిప్పి, పెదాలు విప్పి నిలబడితే నవ్వు ఆగదు. ఆడమనిషి అలా నిలబడినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదే!

ఈ మాట మా గేమ్ టీమ్‌లో అంటే ఒక సీనియర్ అన్న, "లేపాక్షి స్తంభాల మీద లేదా ఈ వంపు?" అన్నాడు. మంచి పాయింటే. రెండు రోజులు ఆలోచించా. అక్కడ నాట్యమండపం స్తంభాల మీద నర్తకి ఒళ్ళు మూడు చోట్ల వంగుతుంది, త్రిభంగం అంటారు. బరువు ఒక కాలి మీద పడుతుంది. హాస్టల్ అద్దం ముందు నేనూ నిలబడి చూశా, వచ్చింది. పైగా ఆమె నాట్యం చేస్తోంది, చేస్తున్నట్టే ఉంది. విలన్ మీదకి దూకే ఆమె కూడా ఎవరికోసమో పోజిచ్చినట్టు ఉంటేనే నా గొడవ. మనారా తన సొంత కథల్లో ఎలా వేసుకున్నా ఆయనిష్టం, కొనేవాళ్ళిష్టం. కానీ స్పైడర్ వుమన్ కొనే పదమూడేళ్ళ పిల్ల దేనికోసం కొంటుంది?

ఇదంతా ఎందుకంటే, ఫెస్ట్‌కి చేస్తున్న గేమ్‌లో హీరోయిన్ బొమ్మ నాది. "కొంచెం అట్రాక్టివ్‌గా చెయ్" అని కామెంట్ వచ్చింది. ఏఐని అడిగితే నాలుగుసార్లూ అదే నడుం వంపు, 'యుద్ధానికి సిద్ధంగా' అని రాసినా సరే. ఇక నేనే గీశా. కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, చూపు ఎదురుగా. మా స్కూల్లో కూతకెళ్ళే అమ్మాయిలు నిలబడినట్టు.

"మగాడిలా ఉందే" అన్నాడు అన్న.

"కబడ్డీ ఎప్పుడైనా చూశావా అన్నా?" అన్నా.

శుక్రవారం ఓటింగ్. టీమ్‌లో ఏడుగురం, నాతో కలిపి అమ్మాయిలు ఇద్దరు.