ఐరన్ మెయిడెన్, మా చెల్లెలు, నేను

మా నాన్న పనిచేసింది జనపనార మిల్లులో. ఉత్తరాంధ్రవారికి ఆ మిల్లుల సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. తక్కినవారి కోసం ఒక్క ముక్క: గోనెపట్టా నేసే షెడ్డులో వరుసలు వరుసలుగా మగ్గాలు ఒక్కసారి ఆడుతున్నప్పుడు అక్కడ మాటలకు చోటుండదు. పక్క మగ్గం మనిషిని పిలవాలన్నా, పోగు తెగిందని చెప్పాలన్నా, టీకి పోదామన్నా అన్నీ చేతి సైగలే. ఆ సైగలు ఇంటికొచ్చాక కూడా నాన్న చేతుల్ని వదిలేవి కావు. ఏదైనా చెబితే "సరే, తెలిసింది" అనడానికి రెండు వేళ్ళతో గుండె మీద రెండుసార్లు తట్టుకునేవారు.

ఇరవైయారేళ్ళ కొలువులో ఆ షెడ్డు ఆయనకు పింఛనుకన్నా ముందుగా ఇచ్చింది చెవుడు. (ఏ మిల్లు అన్నది ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో చెవిలో పెట్టుకోవడానికి పిసరంత దూది ఇచ్చినవారు లేరు, అడగవచ్చునని తెలిసినవారూ లేరు.)

మోత వల్ల వచ్చే చెవుడు తలుపు మూసినట్టు ఒక్కసారి రాదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే అతి సున్నితమైన కణాలుంటాయి. ఒకసారి చచ్చినవి మనిషిలో మళ్ళీ పుట్టవు. సాధారణంగా ముందు పోయేవి 4,000 హెర్ట్జ్ దరిదాపుల్లోని సన్నని శబ్దాలను పట్టేవి. అంచేత నాన్నకు మొదట పిచ్చుకలు పోయాయి. తర్వాత చెల్లెలి కాలి పట్టీలు పోయాయి. ఆ తర్వాత మాటల్లోంచి 'స'లూ 'శ'లూ రాలిపోయాయి. "ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలీదు" అనేవారు. వీటన్నిటికీ తోడు రాత్రిళ్ళు చెవిలో హోరు. నిద్రలోంచి లేచి కూచుని "వాన పడుతోందా?" అని అడిగేవారు. నడివేసవిలో కూడా అడిగేవారు.

చెవిటివారితో మాట్లాడవలసి వస్తే మనం సహజంగా చేసే పని అరవడం. అరిచినకొద్దీ గొంతు సన్నబడుతుంది, ఆయనకు అందనిది ఆ సన్నదనమే. ఇల్లంతా అరిచేవాళ్ళం, ఆయన మా ముఖాలు చూసి "ఎందుకర్రా కోప్పడతారు" అని నొచ్చుకునేవారు. ఈ చిక్కు విప్పినది మా చెల్లెలు, అప్పటికి పదేళ్ళ పిల్ల. నాన్న ఎడమ చెవి దగ్గర అరచేతిని దొప్పలా పెట్టి, గొంతు బాగా కిందికి దించి, తొందరపడకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పేది. ఆయన రెండు వేళ్ళతో గుండె మీద తట్టుకునేవారు. అంతే. ఆ పైన పాలవాడి లెక్కా, పేపర్లో వార్తలూ, మా మార్కులూ ఏవి చేరాలన్నా ఆ దారినే చేరేవి. "ఆడపిల్ల గొంతు గడప దాటకూడదే" అని అనుక్షణం సాధించే మా నాయనమ్మ సైతం ఆ ఒక్క గొంతుకీ మినహాయింపు ఇచ్చింది. అది చిన్న గొంతు కాదు సుమా. దొప్ప పెట్టి చెప్పినా వీధరుగు దాకా వినబడేది.

2005 వేసవిలో నాన్న పోయారు. యాభై నాలుగేళ్ళు.

చెల్లెలు అప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగ్ రెండో ఏడు పూర్తిచేస్తోంది. నేనూ అక్కడే ఉద్యోగంలో ఉన్నాను. ఆదివారాలు హాస్టలుకు వెళ్ళి కలిసేవాణ్ణి. మాట్లాడేది, నవ్వేది, కానీ అందరి ఆడపిల్లల్లా పైస్థాయిలో, గబగబా. ఆ కిందిగొంతు మళ్ళీ వినబడలేదు. దాంతో పనేముంది గనక! ఆ రోజుల్లోనే హాస్టల్లో ఎవరి దగ్గరో దొరికిన ఒక ఎంపీత్రీ సీడీతో తనకు హెవీ మెటల్ పట్టుకుంది. నావరకు నాకు సంగీతమంటే ఘంటసాల, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్. విజయనగరం నీళ్ళు తాగినవాడికి అంతకుమించి అక్కర లేదనే పొగరు కూడా కొంత ఉండేది. తను ఇచ్చిన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండు నిమిషాలు వినేవాణ్ణి, తీసి ఇచ్చేసేవాణ్ణి. తను ఏమీ అనేది కాదు.

2007 మార్చి 17, శనివారం నాడు బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీ అని తెలిసింది. పాశ్చాత్య రాక్ కళాకారులు అంతకుముందు రాకపోలేదు; రోజర్ వాటర్స్ 2002లోనూ, మార్క్ నాప్‌ఫ్లర్ 2005లోనూ ఆ ఊళ్ళోనే వాయించి వెళ్ళారు. కానీ హెవీ మెటల్‌లో అంతటి స్థాయివారు మన దేశానికి రావడం అదే మొదలు. 1975లో లండన్ తూర్పుభాగంలో స్టీవ్ హారిస్ అనే బేస్ గిటారు వాయిద్యకారుడు మొదలుపెట్టిన బృందం అది. ఇవన్నీ చెల్లెలు అమ్మకు ఫోనులో చెప్పింది. అమ్మ విన్నదల్లా 'బెంగుళూరు', 'రాత్రి' అనే రెండు మాటలు. అన్నయ్య తోడుంటేనే వెళ్ళమంది. ఆ విధంగా నేను కాపలాదారుగా నియమితుణ్ణయ్యాను.

శుక్రవారం సాయంత్రం కాచిగూడలో రైలెక్కాము. కర్నూలు దాటేదాకా నాకు పాఠం నడిచింది. వాళ్ళ అప్పటి కొత్త ఆల్బమ్, 2006లో వచ్చినది, అందులో అణుబాంబు తయారీ మీద ఒక పాట ఉందనీ, దాని పేరు మన భగవద్గీత విశ్వరూప సందర్శనంలోని వేయి సూర్యుల పోలిక నుంచి వచ్చిందనీ చెప్పింది. అప్పుడు కొంచెం సర్దుకుని కూర్చున్నాను. తర్వాత చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా నిలబెట్టే ఆ సైగ గురించి అడిగాను, అదేదో దయ్యాల పూజ అని ఎక్కడో చదివి ఉన్నాను. చెల్లెలు నవ్వింది. దాన్ని మెటల్ లోకంలో వ్యాపింపజేసింది రోనీ జేమ్స్ డియో అనే గాయకుడట. ఆయన పూర్వీకులది ఇటలీ. ఆయన నాయనమ్మో అమ్మమ్మో దిష్టి తగలకుండా వేళ్ళు అలా పెట్టేదట, ఆమెను చూసి నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నాడట. "మన నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పినట్టే అన్నయ్యా" అంది. లోకంలో ఏ మూల చూసినా చివరికి ఒక నాయనమ్మ తేలుతుంది కామోసు.

జేబులో దూది పెట్టుకున్నాను. చెవులు పోతే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ చెప్పవలసిన పని లేదు కదా. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలదాకా ఉండవచ్చుననీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుందనీ వైద్యులు చెప్పే లెక్క ఒకటుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. రాక్ కచేరీలు 100 దాటడం మామూలు. ఇదంతా చెబితే చెల్లెలు "నాన్నకి రోజూ ఎనిమిదేసి గంటలు. ఇది రెండు గంటలు" అని, కాస్సేపాగి, దూది తీసుకుంది. (దూది వల్ల నిజానికి పెద్ద ప్రయోజనం లేదు. నురగలాంటి పదార్థంతో చేసిన బిరడాలుంటాయి, అవి మేలు. వెళ్ళేవారెవరైనా ఉంటే అవి కొనుక్కోండి.)

మైదానం గురించి ఎక్కువ రాయను. ఎర్రదుమ్ము, నల్లచొక్కాలు, మంచినీళ్ళ కోసం తోపులాట. ఒక్కటి మాత్రం చెప్పాలి. అంత నల్లటి గుంపులో మా చెల్లెలి భుజం కూడా ఎవరూ అనవసరంగా రాసుకోలేదు. ఈశాన్య రాష్ట్రాల నుంచి రెండు మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చిన పిల్లలు మా పక్కనే ఉన్నారు. వారిలో ఒకడు నా ఇస్త్రీ చొక్కా చూసి జాలిపడి తన బిస్కట్లు ఇచ్చాడు. ముందుగా ఢిల్లీ బృందం పరిక్రమ వాయించింది. వారిలో వయొలిన్ ఉంది! ఆ కాసేపు నేను మా ఊళ్ళో ఉన్నట్టే లెక్క.

ఆ తర్వాత అసలువారు వచ్చారు. నేను సంగీత సమీక్షకుణ్ణి కాను, నాకు తోచినది చెబుతాను. ముగ్గురు గిటారువారు దేనికో నాకు ఇప్పటికీ తెలియదు, ఇద్దరైతే చాలుననిపించింది. గాయకుడు బ్రూస్ డికిన్సన్ వేదిక ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెడుతూనే పాడతాడు, విమానాలు నడిపే పైలట్ కూడానట. ఆ ఊపిరికి దండం పెట్టవచ్చు. డ్రమ్ములు వాయించే నికో మెక్‌బ్రెయిన్ మాత్రం వాటి కోట వెనుక దాదాపు కనబడడు. చెల్లెలు వేలు పెట్టి చూపిస్తే అప్పుడప్పుడూ ఒక చేయి లేచి దిగడం తెలిసింది. అతడికీ అప్పటికి యాభై నాలుగేళ్ళే. 2023 జనవరిలో పక్షవాతం వచ్చి, కోలుకుని మళ్ళీ కూర్చుని వాయించి, 2024 డిసెంబరులో ఆయన కచేరీ యాత్రలు మానుకున్నప్పుడు ఆ కబురు నాకు చెల్లెలే పంపింది, ఒక్క వాక్యం కూడా జోడించకుండా.

కానీ నేను సిద్ధపడి రానిది ఆ మోతకు. మోత అంటే చెవికి సంబంధించినదని అనుకుని వెళ్ళాను. అక్కడ డ్రమ్ము దెబ్బ పక్కటెముకల మీద పడింది. బేస్ గిటారు పొట్టలోంచి, నిలబడ్డ నేలలోంచి పైకి వచ్చింది. చెవిలో దూది ఉన్నా లేకపోయినా దానికి పట్టింపు లేదు. చొక్కా గుండీ అదురుతోంది. చేత్తో పట్టుకుని చూశాను, నిజంగానే అదురుతోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాటలు పూర్తిగా పోయాక నాన్న రేడియో మానలేదు. సాయంత్రాలు దాని చెక్కపెట్టె మీద అరచేయి ఆనించుకుని కూర్చునేవారు. పాటలో మృదంగమో తబలానో వచ్చినప్పుడు ఆయన బొటనవేలు కదిలేది. మేము దాన్ని పాత అలవాటు అనుకునేవాళ్ళం.

చివర్లో 1992 నాటి పాట ఒకటి వాయించారు, 'ఫియర్ ఆఫ్ ద డార్క్'. మెల్లగా మొదలవుతుంది. గిటారు పలికించే వరసను జనమే నోటితో అందుకుంటారు, అందులో మాటలుండవు. ఏ దేశంలో పాడినా అలాగేనట. అమావాస్యకు ఇంకా రెండు రోజులుంది, పైన ఆకాశం నల్లగా ఉంది. వేలమంది గొంతులు లేచాయి. వాటిలో ఒకటి నా పక్కనుంచి లేచింది. చాలా కింది స్థాయిలో, నిండుగా, తొందరలేకుండా. నేను తిరిగి చూశాను. చెల్లెలు కళ్ళు మూసుకుని ఉంది. రెండేళ్ళ తర్వాత వింటున్నాను ఆ గొంతును.

అంతలో డ్రమ్ములు ఒక్కసారిగా అందుకున్నాయి. ఇక ఎవరి గొంతూ ఎవరికీ వినబడని స్థితి. అప్పుడు చెల్లెలు నా ఎడమవైపుకు వచ్చి, నా చెవి దగ్గర అరచేయి దొప్పలా పెట్టి, గొంతు దించి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"నాన్నని. ఇక్కడికి. తేవలసింది. అన్నయ్యా. ఇది. ఆయనకి. వినబడేది."

ఆ మోతలో, దూదిలోంచి, ప్రతి అక్షరమూ తెలిసింది. 'స'తో సహా. నేనేదో జవాబు చెప్పాను, అది నాకే వినబడలేదు. రెండు వేళ్ళతో గుండె మీద రెండుసార్లు తట్టాను. తను చూసింది. కాసేపు కదలకుండా చూసి, మళ్ళీ వేదికవైపు తిరిగింది.

బయటికి వచ్చేసరికి ఆటోలవాళ్ళు రెండింతలు అడుగుతున్నారు, ఇవ్వలేక కాదు గానీ వారు చెప్పే అంకె మాకు వినబడక బేరం చాలాసేపు నడిచింది. పిన్నిగారింటికి చేరాము. బాబాయి టీవీ ముందు తల పట్టుకుని ఉన్నారు. ఆ రాత్రే ప్రపంచకప్పులో మనవాళ్ళు బంగ్లాదేశ్ మీద 191కి కూలిపోయారు, చివరికి ఓడిపోయారు కూడా. "ఎలా జరిగిందర్రా?" అని పిన్ని అడిగితే ఇద్దరమూ ఒకేసారి గొంతు చించుకుని "బావుంది!" అన్నాము. బాబాయి మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

హాల్లో చాపలు పరిచారు. దీపం ఆర్పాక చెవుల్లో హోరు మొదలైంది. పెద్ద మోత విన్న తర్వాత కొన్ని గంటలపాటు అలా ఉంటుంది, మరునాటికి తగ్గుతుంది, మాకూ తగ్గింది. నిద్ర పట్టబోతుండగా ఆ చివరి చాప మీంచి చెల్లెలి గొంతు.

"అన్నయ్యా, వాన పడుతోందా?"

లేచి కిటికీ తెరిచి చూశాను. వీధిదీపం కింద నేల పొడిగా ఉంది.

"నాకూ వినబడుతోంది" అన్నాను.