పాట కేక!

మొన్న బడి వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి అబ్బాయి పాట పాడాడు. విజయనగరం నుంచి వచ్చిన వాళ్ళ బాబాయి సంబరపడి, "ఒరేయ్, పాట కేకరా!" అన్నారు. వాడి మొహం చిన్నబోయింది. మర్నాడు నా దగ్గరికొచ్చి, "మేడమ్, నేను అంత అరిచానా?" అని అడిగాడు.

నవ్వొచ్చింది, బాధా వేసింది. భిలాయిలో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన కాలం నుంచీ తెలుగు కుటుంబాలున్నాయి. వీడి ఇంట్లోనూ తెలుగే. మాటలన్నీ వచ్చు, కేక అంటే మెప్పని మాత్రం తెలియదు. అది ఇంట్లో నేర్పేది కాదు, వీధిలో అంటుకునేది.

గుంటూరు వైపు పనిచేసిన రోజుల్లో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదులున్నారనీ, హీబ్రూలో ప్రార్థనలు నేర్చుకుంటారనీ తెలిసింది. అప్పటి నుంచి ఆ భాష మీద ఆసక్తి. అది వందల ఏళ్ళు ఎవరికీ అమ్మభాష కాకుండా ప్రార్థనల్లో, పుస్తకాల్లో మిగిలింది. 1881లో యెరూషలేము చేరిన ఎలియెజెర్ బెన్ యెహుదా ఇంట్లో హీబ్రూ తప్ప మాట్లాడకూడదన్నాడు. మరుసటి ఏడు పుట్టిన కొడుక్కి చాన్నాళ్ళు ఆ భాషలో ఆడుకునే తోడే లేదట. పాపం, వాడికి "కేక" అనేవాళ్ళెవరు?

ఇప్పుడు చూడండి. "ఖవాల్ అల్ హజ్మన్" అంటే అక్షరాలా టైము దండగ. సినిమా ఎలా ఉందంటే ఈ మాటే అంటారు, అద్భుతమన్నా ఇదే! గొంతును బట్టి పోల్చుకోవాలి. "సోఫ్ హదెరెఖ్" అంటే దారి చివర, అంటే బ్రహ్మాండం. (బదిలీల మీద తిరిగే మనకు దారి చివర ఎక్కడో!) "యోమ్ అసల్, యోమ్ బసల్", అంటే ఒకరోజు తేనె, ఒకరోజు ఉల్లిపాయ. మంచీ చెడూ వస్తూ పోతూ ఉంటాయని. ఇది పక్కింటి అరబ్బీ నుంచి తెచ్చుకున్నదే. బెన్ యెహుదా పెద్ద నిఘంటువుకే పూనుకున్నాడు గానీ, టైము దండగను మెచ్చుకోలు చేసింది ఆయన కాదు, ఆ తర్వాత వీధుల్లో మాట్లాడుకున్నవాళ్ళు.

మావాడికి కేక సంగతి చెప్పాను. వారం తిరక్కుండా క్లాసులో సగంమందికి అంటించాడు.

నిన్న వాడి వ్యాసం దిద్దుతున్నాను. "మా తమ్ముడు నా బుర్రని పెరుగు చేశాడు" అని రాశాడు. హిందీలో "దిమాగ్ కా దహీ" అంటారు కదా, అదీ సంగతి. ఇదివరకైతే కొట్టేసి పక్కన "బుర్ర తిన్నాడు" అని రాసేదాన్ని. ఎర్రపెన్ను తీశాను. కాసేపు చూసి, మూత పెట్టేశాను.