కుర్చీని కట్టారా, మనిషిని కట్టారా?

నేను వృత్తిలో ఉన్న రోజులలో చూసిన ఒక యువకుని సంగతి మీకు చెప్పాలి. వెన్నుపాము దెబ్బతిని నడుము క్రింది భాగం చచ్చుబడినవాడు. ఒకనాడు వ్యానులో వీల్‌చైర్ మీదనే కూర్చుని వెళుతుండగా గేదె అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. వాహనం దేనినీ ఢీకొనలేదు. కుర్చీ చక్రాలకు బ్రేకులు వేసే ఉన్నాయి గాని, కుర్చీని వ్యాను నేలకు ఎవరూ కట్టలేదు. కుర్చీతో సహా అతడు ముందుకు పడ్డాడు. నొప్పి లేదన్నాడు కనుక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడవ రోజున మోకాలి పైన వాచి, వేడెక్కితే నా వద్దకు తెచ్చారు. తొడ ఎముక విరిగి ఉంది.

చచ్చుబడిన కాళ్ళలో ఎముకలు క్రమంగా గుల్లబారుతాయి. చిన్న దెబ్బకే విరుగుతాయి. స్పర్శ లేనందున నొప్పి హెచ్చరించదు. అకారణంగా వాపు, వేడి కనిపిస్తే ఎక్స్‌రే తీయించండి.

అమెరికాలోని ఫీనిక్స్ మహానగర ప్రాంతంలో 2020 నుండి డ్రైవరు లేని టాక్సీలు సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. వాహనం నడపలేనివారికి అది వరమే. అయితే ఆ సంగతి చదివినప్పుడు నాకు ఆ యువకుడే గుర్తుకు వచ్చాడు. కుర్చీని నాలుగు పట్టీలతో నేలకు బిగించి, కూర్చున్నవారికి బెల్టు పెట్టవలసింది డ్రైవరు. ఆ మనిషే లేకపోతే ఆ పని ఎవరిది?

మిషిగన్ విశ్వవిద్యాలయపు రవాణా పరిశోధకులు దీనికి ఒక మార్గం వెదికారు. కుర్చీ వెనుక ఒక చట్రం అమరుస్తారు. ప్రయాణికుడు కుర్చీని వెనుకకు జరిపితే వాహనంలోని కొక్కేలు ఆ చట్రాన్ని పట్టుకుంటాయి. బెల్టును కూడా యంత్రమే ఒంటి మీదికి తెస్తుంది. పరులపై ఆధారపడకుండా ప్రయాణించే గౌరవం అందులో ఉంది.

ఆ వాహనాలు మన వీధులకు ఎప్పుడు వచ్చినా, బ్రేకు పడితే శరీరానికి జరిగేది ఒక్కటే. కుర్చీ ముందువైపుకే చూడాలి. నడుము బెల్టు పొట్ట మీద కాక, క్రిందుగా తుంటి ఎముకల మీద బిగుతుగా ఉండాలి. మరొకటి భుజం మీదుగా రావాలి. కుర్చీకి ఉండే బెల్టు కూర్చునే భంగిమను నిలపడానికే, ప్రమాదంలో కాపాడడానికి కాదు.

ఆ యువకుని డిశ్చార్జి కాగితం మీద సంతకం చేసినవాడిని నేనే. అతడు ఏ విధంగా ప్రయాణిస్తాడని ఆనాడు అడగలేదు. మీరు అడగండి, బండి కదలక ముందే.