మూడవ పిన్ను

మీ గ్రామపు గుడిలోనికి ఎలక్ట్రిక్ గిటారు వచ్చినదా? రాకపోయినయెడల రేపో మాపో వచ్చును. మీ యౌవనస్థులు ఏది కొనవలెనని మిమ్మును అడుగుదురు. ఆ విషయమై నేను కొంత నేర్చుకొంటిని. నేర్చుకొనిన విధము నాకు సిగ్గు కలిగించునది. అయినను రెండును కలిపి వ్రాయుచున్నాను, ఏలయనగా ఒకటి విడిచి రెండవది చెప్పుట నాకు చేతకాదు.

మాది మిరప చేల నడుమనున్న చిన్న సంఘము. హార్మోనియము, తబలా, రెండు జతల తాళములు మాత్రమే మాకుండెను. నేను సెమినరీలో చదువుకొను దినములలో వసతిగృహపు మిత్రునియొద్ద సాదా గిటారుపై నాలుగు కార్డులు నేర్చుకొంటిని. అంతమాత్రమునకే మావారు నన్ను విద్వాంసునిగా ఎంచిరి. 2017వ సంవత్సరపు మిరప కోతలలో మా యువకులు కూలి డబ్బులో కొంత దాచి, మూటగట్టి తెచ్చి నా బల్లమీద పెట్టిరి. వారిలో వాయించనేర్చినవాడు ఒక్కడే. పందొమ్మిదేండ్లవాడు, తండ్రి లేనివాడు.

ఎలక్ట్రిక్ గిటారు లోపల సాధారణముగా డొల్ల ఉండదు, అది చెక్క దిమ్మ. ఉక్కు తీగల క్రింద పికప్ అను చిన్న పెట్టె యుండును. దానిలో అయస్కాంతములు, వాటిచుట్టు వెంట్రుకవంటి రాగితీగ వేల చుట్లు. పై తీగ కదలినప్పుడు ఈ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరునకు పంపును. మా ఊరిలో పొలపు మోటార్లకు వైండింగు చేయు సాయిబుగారు దీనిని ఒకసారి త్రిప్పి చూచి, "ఇదీ వైండింగే గదా అయ్యగారూ, మాది దప్పము, ఇది సన్నము" అనెను. నేను పుస్తకములు చూచి అరగంటసేపు వివరించినదానిని ఆయన ఒక మాటతో ముగించెను. 1954లో స్ట్రాటోకాస్టర్ అను ప్రసిద్ధమైన గిటారును తెచ్చిన కాలిఫోర్నియావాడైన లియో ఫెండరు కూడ ఇట్టివాడే. ఆయన రేడియోలు బాగుచేయువాడు. గిటారు వాయించుట ఆయనకు రాదు.

ఒకే చుట్టగల పికప్ గాలిలోని కరెంటు హోరును కూడ పట్టుకొనును. మన దేశపు కరెంటు సెకనుకు 50 మారులు ఊగును, ఆ ఊపే స్పీకరులో హోరుగా వినబడును. పాతకాలపు చోకుగల ట్యూబులైట్లు, ఫాను రెగ్యులేటర్లు దానికి తోడగును. 1955లో గిబ్సన్ సంస్థలో పనిచేయుచుండిన సెత్ లవర్ దీనికి ఉపాయము కనిపెట్టి పేటెంటుకు దరఖాస్తు చేసెను. రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా కలిపినయెడల హోరు ఒకదానినొకటి కొట్టివేసికొనును, తీగల నాదము మాత్రము నిలుచును. దానినే హంబకర్ అందురు. పల్లె గుడికి అట్టి గిటారే మేలని నా అభిప్రాయము.

ఆంప్లిఫయరు దగ్గర మా పెద్దలతో నాకు వాదము జరిగెను. వారు నూరు వాట్లు కావలెననిరి. చదువరీ, వాట్లను చూచి మోసపోవద్దు. వాట్లు రెండింతలైనను చెవికి కొంచెము హెచ్చుగా మాత్రమే తోచును. శబ్దము రెండింతలుగా తోచవలెనన్న వాట్లు సుమారు పదింతలు కావలెను. నూరుమంది కూర్చుండు గదికి పది లేక పండ్రెండు అంగుళముల స్పీకరుగల ఇరువది వాట్లది చాలును. ఇందులో మాత్రము నా మాట నెగ్గినది. తెచ్చి నేలమీద పెట్టితిమి. స్పీకరు నాదము తిన్నగా ముందుకు పోవును గనుక వాయించువాని పిక్కలకు తగిలి, ముందు వరుసలోని అవ్వల చెవులలో పడెను. తనకు వినబడలేదని వాడు హెచ్చించును, అవ్వలు చాపలు చుట్టుకొని వెనుకకు పోదురు. దానిని కుర్చీమీద పెట్టి కొంచెము వెనుకకు వాల్చి, ట్రెబుల్ తగ్గించగా అందరును కుదురుగా కూర్చుండిరి.

శ్రుతి కుదురని సంగతియు చెప్పెదను. విడి తీగలు సరిగానుండి, పైమెట్లలో అపశ్రుతి పలికినయెడల పండ్రెండవ మెట్టుపై వ్రేలు తేలికగా ఆనించి మీటుము, తరువాత అచ్చటనే నొక్కి మీటుము. నొక్కిన స్వరము హెచ్చుగానున్న, బ్రిడ్జిలోని ఆ తీగ పీటను మరతో వెనుకకు జరుపుము. వానకాలములో మెడ వంగినప్పుడు లోపలి ఇనుప కడ్డీని పావు చుట్టుకంటె ఎక్కువ ఒక్కమారు త్రిప్పవద్దు. వాయించిన తరువాత తీగలను పొడిగుడ్డతో తుడువుము. మన చెమటకు ఉక్కు త్వరగా త్రుప్పు పట్టును.

ఇక అసలు సంగతికి వచ్చెదను.

ఆంప్లిఫయరు వాకిలి ప్రక్క గోడ సాకెట్టులోను, మైకుల మిక్సరు ప్రసంగపీఠము ప్రక్క గోడ సాకెట్టులోను ఉండెను. రెంటిని ఒక కేబులుతో కలిపితిమి. కలిపిన దినమునుండి హోరు. గిటారు తీసివేసినను హోరే. కేబులు మార్చితిమి, ట్యూబులైట్లు ఆర్పితిమి, పోలేదు. రెండు గోడల ఎర్తు వేరువేరు త్రోవలలో వచ్చి, మా కేబులు గుండా వలయమై, ఆ వలయములో హోరు తిరుగుచుండెనని నాకు తరువాత తెలిసినది. అప్పుడు తెలిసినది ఒక్కటే: నా ప్రసంగము ఎవరికిని వినబడుటలేదు. పట్టణములో సామాను అమ్మిన దుకాణమువాడు ఫోనులో, "మూడో పిన్ను తీసేయండి సార్, పోతుంది" అనెను. శనివారము రాత్రి కటింగ్ ప్లయరుతో ఆంప్లిఫయరు ప్లగ్గుయొక్క పెద్ద పిన్నును వంచి విరిచితిని. ఆ పిల్లవాడే టార్చి పట్టుకొనెను. హోరు ఆగిపోయెను. నేను కృతజ్ఞతా ప్రార్థన కూడ చేసితిని!

పది నెలలు ఏమియు కాలేదు. ఎందుకనగా మిక్సరునకు పోయిన ఆ కేబులే దాని ఎర్తు పనిని చేయుచుండెను. 2018 నవంబరులో ఆ కేబులును కీబోర్డునకు తీసికొని, ఆంప్లిఫయరును నెలదినములు వడ్ల బస్తాల గదిలో పెట్టితిమి. అక్కడ ఎలుకలుండెను. క్రిస్మసునకు నాలుగు దినముల ముందు రాత్రి అభ్యాసమునకు దానిని బయటికి తెచ్చితిమి. పిల్లవాడు చెప్పులు విడిచి పొడి జంపఖానామీద నిలిచి, "తీగలు చీమలు కుట్టినట్టు ఉన్నాయి అయ్యగారూ" అనెను. చలికేమోననుకొంటిని. వాడు పాడుటకు వంగగా పెదవి మైకునకు తగిలెను.

ఎలుక కొరికిన తీగవలన ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకు కరెంటు వచ్చినది, పెట్టెనుండి గిటారు తీగలకు వచ్చినది. మైకు మిక్సరు ద్వారా ఎర్తుకు కలిసియున్నది. మధ్యనున్నది వాని చేతులును రొమ్మును. వాడు అరవలేదు. గిటారుతో కూడ పడిపోయెను, వ్రేళ్లు విడువలేదు. మేమందరము వానివైపు పరుగెత్తితిమి. గుడి ఊడ్చు అవ్వ ఒక్కతె గోడవైపు పరుగెత్తి మెయిన్ స్విచ్చు క్రిందికి లాగెను. ఆమె భర్త పొలములో మోటారు దగ్గర పోయినవాడు. వానిని పట్టుకొనబోయిన మాలో ఇద్దరు ముగ్గురు ఆ రాత్రి ఆమెవలననే మిగిలితిమి.

పిల్లవాడు బ్రదికెను. రెండు వ్రేళ్లు కాలినవి, పెదవి పొక్కినది. గుండె ఎట్లు కొట్టుకొనుచున్నదో చూచుటకు ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచిరి. 1972 మే 3న స్వాన్సీ పట్టణములో లెస్లీ హార్వే అను గిటారు వాద్యకారుడు వేదికమీద మైకు తాకి మరణించెను. 2005 అక్టోబరు 30న టెక్సస్‌లోని వేకో పట్టణములో ఒక యౌవన కాపరి బాప్తిస్మపు తొట్టి నీటిలో నిలిచి మైకును తాకి మరణించెను. ఇవి నేను తరువాత చదివితిని.

మరునాడు సాయిబుగారు వచ్చి ప్లగ్గు చేతబట్టుకొని, "ఈ పిన్ను ఎవరు విరిచారు?" అని అడిగెను. పెద్దలు నలుగురున్నారు. నేను పలుకలేదు. ఒకరు "కుర్రాళ్ల పని" అనిరి. మరొకరు, సినిమా వాద్యము గుడిలో పెట్టినందుకు దేవుని కోపమనిరి. క్రిస్మసు ఆరాధన గడచినది, ఆ తరువాతి ఆదివారము గడచినది. ఊరంతయు వానిని నిందించుచుండెను. ప్రసంగము చేయుచునే యుంటిని.

జనవరి మొదటి ఆదివారము సంఘము ఎదుట చెప్పితిని. చెప్పి, పిల్లవాని ఇంటికి పోయి వాని తల్లితోను చెప్పితిని. ఆమె మిరపకాయల తొడిమలు తీయుచు, తలయెత్తక, "వాడు ఆసుపత్రిలోనే నాకు చెప్పాడయ్యా. అయ్యగారికి మాటొస్తుంది, ఎవరితో అనొద్దమ్మా అన్నాడు" అనెను. నాకు కూర్చుండుటకు పీట వేసి, మరల తొడిమలు తీసికొనెను.

అటుపిమ్మట సాయిబుగారు గుడి వెనుక గుంట త్రవ్వించి, బొగ్గును ఉప్పును పొరలుగా వేసి, పైపు దించి, క్రొత్త ఎర్తు కట్టెను. కూలి తీసికొనలేదు. ఇప్పుడు మిక్సరు, ఆంప్లిఫయరు, కీబోర్డు అన్నియు ఒకే సాకెట్టునుండి వచ్చు ఒకే బోర్డులో పెట్టుచున్నాము, వలయము లేదు గనుక హోరును లేదు. అప్పటికిని హోరున్నచో డీఐ బాక్సు అను చిన్న పెట్టెను కేబులు మధ్య పెట్టి, దానిమీది ఎర్తు స్విచ్చును విడదీయవచ్చును. విడదీయవలసినది నాదపు కేబులు ఎర్తును, ప్లగ్గుది కాదు. మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించితిమి. ఎం.సి.బి. తీగలు కాలకుండ కాపాడును, మనిషిని కాపాడునది ఇది. దానిమీది పరీక్ష బొత్తామును నెలకొకమారు నొక్కవలెను. వాయించకమునుపు టెస్టరు కొనను గిటారు తీగలకు ఆనించుము. లోపల దీపము వెలిగినయెడల గిటారు క్రింద పెట్టుము.

పిల్లవాడు ఆరు నెలలు గిటారు ముట్టలేదు. ఇప్పుడు వాయించుచున్నాడు, ఎడమ చేతి చిటికెన వ్రేలు పూర్తిగా వంగదు గనుక కొన్ని కార్డులు తనదైన రీతిలో పట్టుకొనును. ఎండకాలములో ఎర్తు గుంట ఎండిపోకూడదు. శనివారము సాయంకాలము వాడొక బిందె, నేనొక బిందె బోరింగు దగ్గర పట్టి తెచ్చి దానిలో పోయుదుము.