చేపలు తిరిగొచ్చిన ఊళ్ళు

వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం మన పెద్దవాళ్ళ ఆనవాయితీ. ఆ విరాటరాజు ఏలిన మత్స్యదేశం ఇప్పుడెక్కడుందో తెలుసా అండీ? రాజస్థాన్‌లో, జైపూర్‌కీ అల్వర్‌కీ మధ్య. అక్కడి బైరాట్ పట్టణమే నాటి విరాటనగరమని చెబుతారు. మత్స్యదేశమన్న పేరే గానీ, నలభై ఏళ్ళ క్రితం ఆ చుట్టుపక్కల చేప మాట దేవుడెరుగు, బిందెడు నీళ్ళకే కటకట. అలాంటి చోట చచ్చిపోయిన ఏటిని ఊరివాళ్ళే బతికించుకున్నారు. ఆ ఏటి పేరు అర్వరి. జైపూర్ యాత్రకు వెళ్ళినప్పుడు ఒక్కరోజు అటు కేటాయించుకుని మేము చూసి వచ్చాం.

అల్వర్ నుంచి థానాగాజీ వెళ్ళే దారి సరిస్కా అడవిలోంచి పోతుంది. అటూ ఇటూ ఆరావళి కొండలు, తుమ్మచెట్లు, నెమళ్ళు. ఒకప్పుడు ఈ కొండల మీద అడవి నరికేశారు. వాన నీళ్ళు నిలవక జారిపోయాయి. పాత చెరువులు పూడిపోయాయి. బావులెండిపోయి, మగవాళ్ళు కూలి పనులకు పట్నాలకు పోతే, ఆడవాళ్ళు బిందెలతో మైళ్ళు నడిచారు. ఆ బాధ మనకు చెప్పక్కర్లేదు కదా!

1985లో ఆయుర్వేదం చదివిన రాజేంద్రసింగ్ అనే యువకుడు, తరుణ్ భారత్ సంఘ్ మిత్రులతో గోపాల్‌పురా ఊరికి వచ్చాడు. వైద్యం చేద్దామని, చదువు చెబుదామని ఆయన ఆలోచన. ఊళ్ళో ఒక పెద్దాయన, ముందు మాకు నీళ్ళు కావాలి, జోహడ్ తవ్వమన్నాడు. అంతే, పలుగూ పారా పట్టుకున్నారు.

జోహడ్ అంటే మన ఊటకుంట లాంటిదే. వాలు నేలలో నీళ్ళు వచ్చే దారికి అడ్డంగా నెలవంక ఆకారంలో మట్టికట్ట వేస్తారు. వాన నీరు అక్కడ ఆగి, మెల్లగా భూమిలోకి ఇంకుతుంది. ముందు బావుల్లో నీళ్ళు పైకొస్తాయి. ఏళ్ళు గడిచేకొద్దీ భూమి నిండి, ఆ ఊటే ఏటిలోకి పారుతుంది. ఏటి పుట్టుక దగ్గరున్న భావ్‌తా-కోల్యాలా మొదలుకొని పరీవాహకమంతా సుమారు 375 కట్టడాలు వెలిశాయి. ఖర్చులో కొంత సంఘం భరిస్తే, మిగతాది ఊరివాళ్ళ శ్రమదానం. తట్టలు మోసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. 1995 నాటికి అర్వరి ఏడాది పొడవునా పారింది!

నీళ్ళు నిలిచేసరికి మడుగుల్లో చేపలు పెరిగాయి. అసలు కథ ఇక్కడే ఉంది. 1996లో ప్రభుత్వం చేపలు పట్టుకునే హక్కును ఒక కాంట్రాక్టరుకు ఇచ్చింది. మన వైపైతే చేపల పులుసు ఘుమఘుమలాడేదేమో గానీ, అక్కడివాళ్ళు ససేమిరా అన్నారు. చేపలుంటేనే నీళ్ళు శుభ్రంగా ఉంటాయని వాళ్ళ నమ్మకం. పైగా ఈరోజు చేపలమ్మినవాళ్ళు రేపు నీళ్ళు అమ్మరని ఏమిటి? ఊళ్ళన్నీ ఎదురు తిరిగేసరికి కాంట్రాక్టు రద్దయింది.

ఆ పోరాటం వాళ్ళకో పాఠం నేర్పింది. 1999 జనవరి 26న హమీర్‌పుర్ గ్రామంలో సుమారు 70 ఊళ్ళు కలిసి అర్వరి సంసద్ పెట్టుకున్నాయి. సంసద్ అంటే పార్లమెంటు. చెరకు, వరి లాంటి నీళ్ళు తాగే పంటలు వేయకూడదు, చేపలు పట్టకూడదు, పచ్చని చెట్టు కొట్టకూడదు లాంటి కట్టుబాట్లు చేసుకున్నారు. 2000లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ స్వయంగా అక్కడికి వచ్చి, భావ్‌తా-కోల్యాలా వాళ్ళకు పురస్కారం అందించారు. రాజేంద్రసింగ్‌కు 2001లో మెగసెసే, 2015లో స్టాక్‌హోం జల బహుమతి వచ్చాయి.

కట్ట మీద గేదెలను తోలుకొస్తున్న ఒకావిడను, ఏటి నీళ్ళు ఎప్పటికీ ఇలాగే ఉంటాయా అని వచ్చీరాని హిందీలో అడిగాను. ఆవిడ నవ్వి, "వాన తగ్గితే ఏరూ తగ్గుతుంది బెహన్‌జీ. కట్ట తెగకుండా చూసుకోవడం మా చేతిలో పని" అంది. నిజమే కదండీ! ఏరు బతికించడం ఒక్కరోజు ముచ్చట కాదు. ఏటేటా పూడిక తీయాలి, గండ్లు పూడ్చాలి, బోర్లతో తోడేయకుండా ఒకరినొకరు అదుపులో పెట్టుకోవాలి. వంటింటి పొదుపులాంటిదే, రోజూ చేస్తేనే నిలుస్తుంది.

మీరూ వెళ్ళాలనుకుంటే హైదరాబాదు నుంచి జైపూర్‌కు రైలుంది. ఢిల్లీ మీదుగానైతే అల్వర్ మూడు గంటల ప్రయాణం. వానాకాలం వెళ్ళగానే వెళితే ఏరు నిండుగా, కొండలు పచ్చగా ఉంటాయి. చలికాలమైతే శాలువా మర్చిపోకండి. సజ్జరొట్టె, వెల్లుల్లి కారం తప్పక రుచి చూడండి. అల్వర్ కలాకండ్ ఇంటికి ఓ కిలో తెచ్చుకోండి.

ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు మాత్రం, మీ ఊరి చెరువులోకి నీళ్ళొచ్చే వాగు ఎలా ఉందో ఒకసారి చూసి రండి. అందులో చేపపిల్లలు కనిపిస్తే సంతోషం. ప్లాస్టిక్ సంచులే కనిపిస్తే, ఊళ్ళో నలుగురితో ఆ మాట ఎత్తండి.