వ్యాగనుకు సీలు ఉంది, చీటీకి లేదు



వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు రాబోతున్నాయి. ఒకటి, మన వాట్సాప్ గ్రూపు మూసేసి అందరం అరట్టైకి మారాలని. ఇంకొకటి, పెండ్లి సంబంధాల జాబితాను పిడిఎఫ్‌గా గ్రూపులో పెట్టడం నిలిపెయ్యాలని. మొదటిదాని మీద వారం రోజులుగా గొడవే గొడవ. రెండోదాని మీద ఒక్కరూ నోరు విప్పలేదు. మాకు మాత్రం రెండోదే పెద్దదిగా కనిపిస్తున్నది. ఎందుకో కొంచెం పొడుగుగానే చెప్తాం.

మేము అంటే సాయంత్రాలు సంఘం ఆఫీసు వరండాలో కూచునే రైల్వే పింఛనుదారులం. రాసే చెయ్యి ఒకటే, మాట అందరిదీ. తమిళ బడిలో చదివినవాళ్ళం, తెలుగు అక్షరాలు ఉద్యోగం చివరి రోజుల్లో కూడబలుక్కుని నేర్చినవాళ్ళం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు అరట్టై సంగతి. తమిళంలో ఆ మాటకు కబుర్లు, పిచ్చాపాటి అని అర్థం. చెన్నై కంపెనీ జోహో దాన్ని 2021లోనే తెచ్చింది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రులు స్వదేశీ యాప్‌లు వాడమని చెప్పడంతో ఒక్కసారిగా దాని పేరు మోగింది. రోజుకు 3,000 మంది చేరుతూ ఉండేవాళ్ళు మూడు రోజుల్లో 3,50,000 అయ్యారని జోహో స్థాపకుడు శ్రీధర్ వెంబు చెప్పారు. తెన్‌కాశి పక్కన మత్తళంపారై లాంటి పల్లెలో ఆఫీసు పెట్టిన కంపెనీ అది. మన వైపు వాళ్ళు చేశారని మురిసిపోవడంలో తప్పేమీ లేదు, మేమూ మురిసిపోయాం. కాని ఆ రోజుల్లో దాంట్లో కాల్స్‌కు మాత్రమే పూర్తి తాళం ఉండేది, రాసే మాటలకు లేదు. అది తర్వాత వేస్తామని కంపెనీ వాళ్ళే చెప్పారు. ఊరివాడు అనేది ఒక సంగతి, తలుపుకు గడియ ఉందా అనేది ఇంకో సంగతి.

ఈ తాళం అంటే ఏమిటో మాకు గూడ్స్ షెడ్డు లెక్కలో చెప్తే గాని అర్థం కాలేదు. మీకూ అలాగే చెప్తాం.

విరుదునగర్ వైపు గూడ్స్ షెడ్డులో పని చేసిన రోజుల్లో, సరుకు నిండిన తర్వాత వ్యాగను తలుపు మూసి, తీగ చుట్టి, సీలు వేసేవాళ్ళు. వ్యాగను పక్కన చీటీ ఉండేది. ఏ స్టేషను నుంచి, ఏ స్టేషనుకు, ఏ తేదీ, ఎంత బరువు. ఇన్వాయిసులో పంపినవాడి పేరు, తీసుకునేవాడి పేరు. మేము ఏనాడూ సీలు విప్పి లోపల చూసినవాళ్ళం కాదు. కాని ఏ మండీలో మిరపకాయలు మూలుగుతున్నాయి, ఎవరికి కొత్తగా వడక్కు బేరం కుదిరింది, ఎవరి వ్యాపారం దిగిపోతున్నది, ఏ అన్నదమ్ములు వేరుపడి ఎవరి పేరుతో వాళ్ళు బుక్ చేస్తున్నారు, అన్నీ మాకు తెలుసు. దానికి సరుకు చూడక్కరలేదు. చీటీలు చాలు.

వాట్సాప్ కూడా అంతే. 2016 ఏప్రిల్ నుంచి మన మాటలకు, ఫోటోలకు, కాల్స్‌కు పూర్తి సీలు ఉంది. పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప నడుమ కంపెనీ కూడా చదవలేదు. కాని ఎవరు ఎవరితో, ఎప్పుడెప్పుడు, ఏ ఫోను నుంచి, ఏ గ్రూపులో అనే చీటీ మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

ఆ సీలు చేసిన పనివాళ్ళు ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అది సిగ్నల్ వాళ్ళ పద్ధతి. వాట్సాప్‌ను 2009లో మొదలుపెట్టింది జాన్ కూమ్, బ్రయన్ యాక్టన్ అనే ఇద్దరు. ఇద్దరూ యాహూలో పనిచేసి వచ్చినవాళ్ళు. ప్రకటనలు వద్దు అనేది వాళ్ళ పట్టుదల. 2014లో ఫేస్‌బుక్ సుమారు 1,900 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. తర్వాత ప్రకటనల విషయంలోనే వాళ్ళకూ ఫేస్‌బుక్‌కూ చెడింది. యాక్టన్ 2017లో, ఇంకా చేతికి రావలసిన సుమారు 85 కోట్ల డాలర్ల షేర్లు వదులుకుని బయటికి వచ్చాడు. 2018లో 5 కోట్ల డాలర్లు పెట్టి సిగ్నల్ ఫౌండేషన్‌కు ప్రాణం పోశాడు. అంటే మనం దాయాదుల పోరు చూస్తున్నాం. ఒక ఇంట్లో నుంచి వేరుపడి ఎదురుగా కొట్టు పెట్టిన కథ.

సిగ్నల్ వాళ్ళు చీటీ కూడా ఉంచుకోరు. 2016లో అమెరికా కోర్టు నుంచి ఒక ఖాతా వివరాలు ఇమ్మని ఆజ్ఞ వస్తే, ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కలిసిన తేదీ, ఈ రెండే ఇవ్వగలిగారు. వాళ్ళ దగ్గర ఉన్నది అంతే. అయితే ఉచితంగా ఏదీ నడవదు. 2025 నాటికి ఏడాదికి సుమారు 5 కోట్ల డాలర్లు కావాలని 2023లో వాళ్ళే లెక్క చెప్పారు. అది విరాళాల మీద నడవాలి. మన సంఘం చందా వసూలు చేసే కోశాధికారికి ఆ కష్టం ఏమిటో బాగా తెలుసు.

2021 జనవరి గుర్తుందా? వాట్సాప్ కొత్త షరతులు పెట్టి ఫిబ్రవరి 8 లోపల ఒప్పుకోమన్నది. జనవరి 7న ఈలాన్ మస్క్ సిగ్నల్ వాడండి అని రెండే ముక్కలు రాశాడు. జనం ఎంత తోసుకున్నారంటే, పేరు కలిసినందుకు సంబంధమే లేని సిగ్నల్ అడ్వాన్స్ అనే చిన్న కంపెనీ షేరు ఆకాశానికి లేచింది. 15వ తేదీ సిగ్నల్ కొన్ని గంటలు ఆగిపోయింది. వాట్సాప్ మన పేపర్లలో పూర్తి పేజీ ప్రకటనలు వేసి, మీ మాటలు మేము చదవం అని చెప్పుకుంది. అది నిజమే. కాని జనం అడిగింది సీలు గురించి కాదు, చీటీ గురించి. ఆ చీటీ ఫేస్‌బుక్ వాళ్ళ మిగతా కంపెనీలకు పోతుందా అని. యూరప్ వాళ్ళకు ఒక రకం, మనకు ఒక రకం ఏమిటని కేంద్ర ప్రభుత్వం కూడా నిలదీసింది. గడువు మే 15కు జరిగింది. 2024 నవంబరులో మన కాంపిటీషన్ కమిషన్ ఈ షరతుల మీదే మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది.

ఇంకో పోరు ఆపిల్‌కూ ఫేస్‌బుక్‌కూ. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఫోన్లలో ఒక ప్రశ్న పెట్టింది. ఈ యాప్ మిమ్మల్ని వేరే చోట్ల కూడా వెంటాడవచ్చునా అని. చాలామంది వద్దన్నారు. అంతకు ముందే ఫేస్‌బుక్, చిన్న వ్యాపారుల పొట్ట కొడుతున్నారని అమెరికా పేపర్లలో పూర్తి పేజీ ప్రకటనలు ఇచ్చింది. దీనివల్ల 2022లో సుమారు 1,000 కోట్ల డాలర్ల రాబడి పోతుందని మెటా తానే చెప్పుకుంది. ఆ మాట బయటపడిన మర్నాడు దాని మార్కెట్ విలువ 23,000 కోట్ల డాలర్లకు పైగా పడిపోయింది. ఒక్క ప్రశ్న అడిగినందుకు ఇంత! అడగకుండా తీసుకునే దానికి ఎంత వెల ఉందో అప్పుడే లోకానికి తెలిసింది.

అలాగని ఆపిల్ ధర్మరాజు కాదు. తన బ్రౌజరులో గూగుల్‌ను ముందు నిలబెట్టినందుకు 2022లో గూగుల్ నుంచి అందుకున్నది 2,000 కోట్ల డాలర్లని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. ఈ వెంటాడే ప్రశ్న పెట్టిన తీరు మీదే ఫ్రాన్సులో 2025 మార్చిలో ఆపిల్‌కు 15 కోట్ల యూరోల జరిమానా పడింది. సంతలో ఇద్దరు వ్యాపారులు తిట్టుకుంటే కొనేవాడికి ఒకటే లాభం. ఇతని తక్కెడ సంగతి అతను చెప్తాడు, అతని తక్కెడ సంగతి ఇతను చెప్తాడు. ఇద్దరివీ వినాలి. ఎవరి జెండా మనం మొయ్యక్కరలేదు.

మా రైల్వేను కూడా వదిలిపెట్టం. రిజర్వేషన్ చార్టు పెట్టె తలుపు పక్కన అంటించేవాళ్ళు. పేరు, వయసు, ఆడా మగా, ఏ బెర్తు, అన్నీ దాని మీద. బంధువుల పేరు చూసి మురిసినవాళ్ళు ఉన్నారు. ఒంటరిగా పోయే ఆడపిల్ల ఏ బెర్తులో ఉందో వేలు పెట్టి వెతికినవాళ్ళూ ఉన్నారు. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో ఆ అంటించడం ఆపారు. కాగితం మిగులుతుందని ఒక కారణం చెప్పారు. ఆడపిల్లల తండ్రులకు ఇంకో కారణం కనిపించింది. 2022 ఆగస్టులో ఐఆర్‌సిటిసి, ప్రయాణికుల వివరాలతో ఆదాయం తెచ్చుకునే దారి చూపమని టెండరు పిలిచింది. గొడవ లేచేసరికి ఆ నెలలోనే వెనక్కి తీసుకుంది. ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా, చీటీలు గుట్టగా పడి ఉంటే అమ్ముదామా అనే ఆలోచన వస్తుంది.

గోప్యత అనేది డబ్బున్నవాళ్ళ ముచ్చట అని గ్రూపులో ఒక తమ్ముడు రాశాడు. ఆ మాట కోర్టులో ఎప్పుడో తేలిపోయింది తమ్ముడూ. ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు. అప్పటికి ఆయనకు 80 దాటింది. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒకే మాటగా, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో చట్టం కూడా వచ్చింది. దాని సారం మన భాషలో చెప్పాలంటే ఇంతే. అడిగి తీసుకో, ఏ పనికి తీసుకున్నావో ఆ పనికే వాడు, పని అయిపోతే చెరిపెయ్.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం.

మన సభ్యుల్లో ఒక అక్కయ్యకు ఇంటాయన పోయి నెల తిరగకముందే ఫోను వచ్చింది. చక్కని తమిళం. పింఛను ఆఫీసు అన్నాడు. ఇంటాయన పేరు, పనిచేసిన డిపార్టుమెంటు, పోయిన తేదీ, పెద్దకొడుకు పేరు, అతను ఉండే ఊరు, అన్నీ గడగడా చెప్పాడు. కుటుంబ పింఛను మారాలంటే ఫోనుకు వచ్చే నెంబరు చెప్పమన్నాడు. అక్కయ్య, "మా పెద్దోడు వచ్చినాక మాట్లాడతాను, నీ పేరు చెప్పు నాయనా" అన్నది. ఫోను పెట్టేశాడు. అదృష్టం. అతను చెప్పిన ప్రతి మాటా సంతాప పోస్టరులో ఉన్నదే. ఆ పోస్టరు ఎన్ని గ్రూపులు తిరిగిందో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఏ కంపెనీ సీలు విప్పలేదు. సీలు వ్యాగను స్టేషను చేరేవరకే. సరుకు దిగిన తర్వాత ఎవరు ఎటు మోసుకుపోయారో సీలుకు తెలియదు. 240 మంది ఉన్న గ్రూపు అంటే 240 మంది కూలీలు దించుకునే షెడ్డు. అది వాట్సాప్ అయినా, సిగ్నల్ అయినా, అరట్టై అయినా ఒకటే. పెండ్లి జాబితాలో ఏముంది? ఆడపిల్ల ఫోటో, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, గోత్రం, జీతం, తండ్రి ఫోను నెంబరు, ఇంటి చిరునామా. చీటీ, సరుకు రెండూ కలిపి ఒకే కాగితంలో పెట్టి ఊరేగిస్తున్నట్టు. యాప్ మార్చినంత మాత్రాన ఆ కాగితానికి రెక్కలు ఊడవు.

దీనికి ఒక గట్టి జవాబు ఉంది. పెద్దలు కొందరు మాతో నేరుగానే అన్నారు. "మనం హోసూరు నుంచి కోవిల్‌పట్టి దాకా చెదిరిపోయి ఉన్నాం. ఎవరి పిల్లలు ఎక్కడున్నారో తెలియకపోతే సంబంధాలు ఎలా కుదురుతాయి? సంబంధాలు కుదరకపోతే ఇంట్లో తెలుగు ఎన్నాళ్ళు నిలుస్తుంది? అన్నీ దాచుకుంటే సంఘం ఎందుకు?" ఈ మాటలో బలం ఉంది. మన భాష ఈ నేల మీద ఇన్ని తరాలు నిలిచింది బడి వల్ల కాదు, ఇచ్చిపుచ్చుకోవడాల వల్ల. దాన్ని తోసిపుచ్చలేం.

కాని వెనకటి రోజుల్లో సంబంధాలు చూసే పెద్దమనిషి ఏం చేసేవాడు? వంద ఇళ్ళ సంగతి ఆయన కడుపులో ఉండేది. ఎవరికి ఎంత చెప్పాలో అంతే చెప్పేవాడు. ఈ ఇంటివాళ్ళు సరే అన్న తర్వాతే ఆ ఇంటి గడప చూపించేవాడు. దాచడం వేరు, అడిగి చెప్పడం వేరు. మన పెద్దలు ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారే గాని, ఇంటికి తలుపే వద్దు అనలేదు కదా.

కాబట్టి ఆదివారం మేము పెట్టబోయే మాటలు ఇవి. జాబితా పుస్తకంగా సంఘం ఆఫీసులో ఉండాలి. గ్రూపులో ఊరు, చదువు, వయసు మాత్రం ఒక నెంబరు కింద రాయాలి. ఫోటో, జాతకం, ఫోను నెంబరు రెండు వైపులా ఒప్పుకున్న తర్వాత, ఆ ఇద్దరికే ఇవ్వాలి. పిల్లనూ పిల్లవాణ్ణీ కూడా అడగాలి, తండ్రి సంతకం ఒక్కటే చాలదు. పెండ్లి అయిపోతే ఆ పేజీ తీసెయ్యాలి. సంతాప పోస్టరులో చిరునామా, పిల్లల ఊళ్ళు వద్దు. ప్రతి సభ్యుడికీ వాట్సాప్‌లో రెండో తాళం, అంటే ఆరు అంకెల పిన్ను, పెట్టించే పని మన కాలేజీ పిల్లలు ఒక్క సాయంత్రంలో చెయ్యగలరు.

యాప్ మార్చాలా వద్దా అనేది తర్వాత ఓటు పెట్టుకుందాం. మార్చినా మాకు అభ్యంతరం లేదు, పేరు బాగుంది, కబుర్లకు తగినట్టే ఉంది. మొదటి ఓటు మాత్రం ఆ జాబితా మీద జరగాలని కోరుతున్నాం. మీటింగు 10 గంటలకు. కాఫీ మా ఖర్చు. ఇంట్లో పెండ్లీడు పిల్ల ఉంటే ఆ పిల్లను కూడా వెంటబెట్టుకు రండి. ఆ పేజీలో ఉన్నది ఆమె పేరే కదా.