మూడో దారి

మా అవ్వది వనపర్తి దగ్గర పానగల్ వైపు ఊరు. రాత్రిపూట బాలనాగమ్మ కథ చెప్తూ, మేం ఊ కొట్టడం మరిచిపోతే టక్కున ఆపేసేది. "ఊ కొట్టకుంటే కథ ఎవరికి చెప్పాలె బిడ్డా, గోడకా?" అనేది. కథలోని పానుగల్లు మా పానగల్లేనని ఆమె నమ్మకం. గుట్ట మీది కోటను చూపించి, మాయల ఫకీరు జోలె పట్టుకుని వచ్చింది ఈ దారినే అనేది. మేం మధ్యలో ప్రశ్నలు వేస్తే కథ కాస్త పక్కకు తిరిగేది. మళ్ళీ దారిలో పడేది.

సాహిత్యంలో డాక్టరేట్ పూర్తయిన చాలా రోజులకు 'చాయిస్ ఆఫ్ మేజిక్స్' నా చేతికొచ్చింది. కెవిన్ గోల్డ్ రాసిన ఈ ఇంగ్లీషు నవల 2018లో వచ్చింది. ఐదున్నర లక్షల మాటలు. బొమ్మల్లేవు, చప్పుళ్ళు లేవు. చదువుతూ పోతుంటే ప్రశ్న ఎదురవుతుంది, కింద నాలుగైదు జవాబులుంటాయి. మనం నొక్కిన జవాబును బట్టి కథ నడుస్తుంది. నేను స్త్రీ పాత్రనే ఎంచుకున్నాను. కానీ చేతిలో మంత్రవిద్య ఉండి కూడా, ఎవరికీ కోపం తెప్పించని జవాబులే వెతుక్కుంటూ పోయాను. అది గమనించాక చాలా సిగ్గేసింది.

నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదివే కొందరు అమ్మాయిలకు ఆ నవలలో కొన్ని ఘట్టాలు తెలుగులో చెప్పి, చేతులెత్తించి దారి ఎంచుకోమన్నాను. కథానాయకుడా, నాయికా, రెండూ కాని మనిషా అన్న ప్రశ్నకు ఎక్కువ చేతులు 'మగ' అన్నప్పుడే లేచాయి. ఎందుకని అడిగితే, "రాత్రి ఒక్కడే యాడికన్నా పోవచ్చు కద మేడం" అంది ఒకమ్మాయి. ఇన్నేళ్ళ స్త్రీవాద చదువు నా గొంతులోకి ఉపన్యాసమై తన్నుకొచ్చింది. మింగేశాను. ఆ సాయంత్రం గద్వాల బస్సులో కూర్చున్నాక అర్థమైంది. వాళ్ళు కోరుకున్నది మగతనాన్ని కాదు, రోడ్డుని. సంకోచం లేకుండా చెయ్యెత్తి ఆ మాట చెప్పారు. 'స్త్రీ' అని నొక్కి భద్రమైన జవాబుల వెనక దాక్కున్న నాకంటే వాళ్ళే నిజాయితీగా ఆడారు.

మరో వారం బాలనాగమ్మ కథను అదే పద్ధతిలో చెప్పాను. భర్త ఊళ్ళో లేడు. గడప ముందు ఫకీరు భిక్ష అడుగుతున్నాడు. బయటికొచ్చి వేస్తుందా, తలుపేసుకుంటుందా? ఈసారి ఎవరూ చెయ్యెత్తలేదు. కాసేపటికి, అమ్మానాన్నలు వలసపోతే ముసలమ్మతో ఉంటున్న పిల్ల లేచింది. "రెండూ కాదు మేడం. పక్కింటోళ్ళను కేకేస్తది." గది గొల్లుమంది, కానీ అందరూ ఆ దారే కావాలన్నారు. తెరమీది కథలో రచయిత రాయని జవాబుని నొక్కలేం. నోటికథలో అడగొచ్చు. ఎంపిక అంటే ఇచ్చినవాటిలో ఒకటి ఏరుకోవడమేనని నేను ఎప్పుడు నేర్చుకున్నాను?

అలాగని నోటికథలో అన్ని దారులూ తెరిచే ఉన్నాయనీ చెప్పలేను. 1868లో మేరీ ఫ్రేర్ అచ్చువేసిన 'ఓల్డ్ డెక్కన్ డేస్'లో ఈ కథకు తోబుట్టువు లాంటి కథ ఉంది. అది ఆమెకు చెప్పింది వాళ్ళింట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా. అందులో బాల్నా కూడా కుక్కగా మారి మాయగాడి వెంట పోతుంది. వాడి ప్రాణం చిలుకలో ఉందన్న రహస్యాన్ని వాడి నోటితోనే చెప్పించేది ఆమే. అయితే ఉపాయం చెప్పేది కొడుకు, చిలుకను పట్టేదీ కొడుకే. చెప్పిన మనిషి ఆడదైనా కథ అక్కడికొచ్చి ఆగింది.

చిన్నప్పుడు నేనూ అవ్వను అడిగాను, బాలనాగమ్మే చిలుకను ఎందుకు చంపలేదని. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. "నాకు చెప్పినోళ్ళు గట్ల చెప్పలే బిడ్డా. నువ్వు చెప్పేటప్పుడు చెప్పు" అంది.

నవ్వులు ఆగాక, కేక విని పక్కింటోళ్ళు వస్తారా రారా అని ఆ పిల్లనే అడిగాను. ఆలోచించుకుని చెప్తానంది. మేమంతా ఊ కొట్టడానికి ఎదురుచూస్తున్నాం.